మీకు తెలుసా? గుండు తగిలినా చెక్కుచెదరని బోర్డు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టల్లాహాచీ నది ఒడ్డున ఒక బోర్డు ఉంది. బరువు 500 పౌండ్లకు పైమాటే, అంటే దాదాపు 227 కిలోలు. తుపాకీతో కాల్చినా పగలని ఉక్కుతో ప్రత్యేకంగా చేయించారు. చుట్టూ నిఘా కెమెరాలు కూడా పెట్టారు. ఇంత కాపలా పెట్టారంటే అదేదో మిలిటరీ రహస్యం అనుకునేరు. 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడి శవాన్ని ఈ నదిలోంచి బయటికి తీశారని దాని మీద రాసి ఉంది, అంతే.

అది అక్కడ పెట్టిన నాలుగో బోర్డు. మొదటిదాన్ని 2008లో ఎవరో పీక్కుపోయారు, నదిలో పారేశారని అంటారు, మళ్లీ దొరకలేదు. రెండోదాన్ని ఏళ్ల తరబడి కాల్చి జల్లెడ చేశారు. దాని మీద 317 గుండు దెబ్బలు లెక్కపెట్టారు. మూడోది 2018లో పెడితే 35 రోజులకే తూట్లు పడ్డాయి. 2019 అక్టోబరులో నాలుగోది పెట్టేటప్పుడు ఇక ఉక్కు తప్ప గతి లేదనుకున్నారు. ఆ 317 దెబ్బల బోర్డు 2021లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. రాసిన అక్షరాల కంటే ఆ తూట్లే ఎక్కువ చెబుతాయని వాళ్లు అనుకుని ఉంటారు. నేనైతే అలాగే అనుకుంటున్నాను.

జాతి వివక్ష మీద పోరాటం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్ గుర్తొస్తారు. ఈసారి శీర్షిక వాళ్ల గురించి కాదు. బోర్డులు పాతినవాళ్లు, మట్టి తవ్వినవాళ్లు, సమాధులు వెతికినవాళ్లు, పాత పేపర్లు తిరగేసినవాళ్ల గురించి.

ఎమెట్ టిల్ కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చికాగో కుర్రాడు. 1955 ఆగస్టులో మిసిసిపీలో ఉన్న చుట్టాలింటికి వచ్చాడు. మనీ అనే పల్లెలో కిరాణా కొట్టు నడిపే తెల్లావిడతో అమర్యాదగా ప్రవర్తించాడని నింద వేశారు. ఆమె భర్తా, అతని సోదరుడూ కలిసి రాత్రివేళ కుర్రాణ్ని ఎత్తుకెళ్లి చంపేశారు. పత్తి జిన్నింగ్ మిల్లులోని ఫ్యాన్‌ను ముళ్లతీగతో మెడకు కట్టి నదిలో పడేశారు. సమ్నర్ ఊరి కోర్టులో విచారణ జరిగింది. జ్యూరీలో పన్నెండుగురూ తెల్ల మగవాళ్లే. 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చారు. మధ్యలో కూల్‌డ్రింకులు తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని జ్యూరీలో ఒకాయన అన్నాడట. కొద్ది నెలలకే ఆ ఇద్దరూ ‘లుక్’ అనే పత్రిక దగ్గర డబ్బు పుచ్చుకుని, అవును మేమే చంపామని చెప్పుకున్నారు. ఒకసారి వదిలేసినవాళ్లను అదే నేరానికి మళ్లీ విచారించడానికి వీల్లేదు కాబట్టి వాళ్లకు ఏమీ కాలేదు.

తల్లి మేమీ టిల్ మాత్రం గుట్టుగా అంత్యక్రియలు చేయనివ్వలేదు. నా కొడుకును ఏం చేశారో లోకమంతా చూడాలని శవపేటిక మూత తెరిపించి ఉంచింది. చికాగో చర్చిలో వేలమంది బారులు తీరి చూశారు. ‘జెట్’ పత్రిక ఆ ఫొటో వేసింది.

సమ్నర్ ఊళ్లో మాత్రం ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఎవరూ నోరెత్తలేదు. 2006లో జెరోమ్ లిటిల్ అనే ఆయన పూనుకున్నాడు. ఆ కౌంటీ పాలకమండలికి అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు ఆయనే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపి ఒక కమిటీ వేశాడు. 2007 అక్టోబరు 2న, హంతకులను వదిలేసిన ఆ కోర్టు ముందరే, టిల్ కుటుంబానికి ఆ కమిటీ క్షమాపణ చెప్పింది. తర్వాత కోర్టు హాలును 1955లో ఎలా ఉండేదో అలా బాగుచేయించారు. బోర్డులు పాతిందీ, పీకేసిన ప్రతిసారీ మళ్లీ పెట్టిందీ ఈ కమిటీయే. 2023 జులైలో అధ్యక్షుడు బైడెన్ ఆ నది ఒడ్డునూ, ఆ కోర్టునూ, చికాగో చర్చినీ కలిపి ఎమెట్, మేమీల పేరున జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ప్రభుత్వం వచ్చేసరికి ఊరివాళ్లు నాలుగు బోర్డులు పెట్టేశారు.

శత్రువుల లెక్కలతోనే లెక్క తేల్చిన మనిషి

మూక చేరి, కోర్టూ కచేరీ లేకుండా మనిషిని చంపడాన్ని అక్కడ లించింగ్ అంటారు. దీని గుట్టును లెక్కలతో సహా గట్టిగా బయటపెట్టింది ఒక స్కూలు టీచరమ్మ. పేరు ఐడా బి. వెల్స్. 1862లో బానిస తల్లిదండ్రులకు పుట్టింది. మెంఫిస్ ఊళ్లో చిన్న పత్రిక నడిపేది. 1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌నూ, ఇంకో ఇద్దరినీ జైల్లోంచి లాక్కెళ్లి కాల్చి చంపారు. వాళ్లు చేసిన తప్పల్లా, తెల్ల షావుకారు కొట్టుకు ఎదురుగా తామూ ఒక కిరాణా కొట్టు పెట్టుకోవడం, దాని బేరాలు బాగా సాగడం. లించింగ్ అంటే ఆడవాళ్ల జోలికెళ్లినవాళ్లకు పడే శిక్ష అని అప్పటిదాకా తెల్ల పత్రికలన్నీ రాసేవి. ఇక్కడ ఆడవాళ్ల ప్రసక్తే లేదే అని ఐడాకు అనుమానం వచ్చింది. ఒక్కొక్క కేసూ తవ్వడం మొదలుపెట్టింది.

ఆమె తెలివి ఎక్కడుందో చూడండి. లెక్కలన్నీ ‘చికాగో ట్రిబ్యూన్’ లాంటి తెల్లవాళ్ల పేపర్లలో అచ్చయినవే తీసుకుంది. నల్లవాళ్లు గోరంత కొండంత చేశారని అనడానికి ఎవరికీ నోరు లేకుండా చేసింది. ఇలా కేసులు తవ్వి రాసినందుకు అదే ఏడాది మే నెలలో ఆమె పత్రిక ఆఫీసును ధ్వంసం చేశారు. ఊళ్లో అడుగుపెడితే చంపుతామన్నారు. ఆమె ఉత్తరాదికి వెళ్లి రాతలు ఆపకుండా 1895లో ‘ద రెడ్ రికార్డ్’ ప్రచురించింది. అందులో పేరూ, తేదీ, ఊరూ, మోపిన నేరమూ వరసగా ఉంటాయి. 1931లో కన్నుమూసిన ఆమెకు పులిట్జర్ వాళ్లు ప్రత్యేక గౌరవం ప్రకటించింది 2020లో! 2025లో అమెరికా పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ కూడా వచ్చింది. ముందు ప్రెస్సు పగలగొట్టినవాళ్లు, తర్వాత బొమ్మ వేసినవాళ్లు, మధ్యలో నూట ముప్పై ఏళ్లు.

గాజు జాడీల్లో మట్టి

అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ. అక్కడి లెగసీ మ్యూజియంలో గోడ పొడుగునా అరల్లో గాజు జాడీలు పేర్చి ఉంటాయి, 800కు పైగా. ప్రతిదాంట్లో మట్టి. జాడీ మీద ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ. ఆ మనిషిని లించ్ చేసిన చోటునుంచి తవ్వి తెచ్చిన మట్టి అది. కొన్ని జాడీల్లో ఎర్రమట్టి, కొన్నింట్లో మన నల్లరేగడి లాంటిది, కొన్నింట్లో ఇసుక. పేరు దొరకని చోట ‘అజ్ఞాత వ్యక్తి’ అని రాసి ఉంటుంది.

ఇది ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థ పని. బ్రయాన్ స్టీవెన్సన్ అనే లాయర్ 1989లో పెట్టాడు. ఉరిశిక్ష పడ్డవాళ్ల తరఫున, డబ్బులేని ఖైదీల తరఫున వాదించడమే అసలు వృత్తి. ఆ కేసులు వాదిస్తూ వాదిస్తూ, ఈ అన్యాయం వేళ్లు వెనక ఎక్కడో ఉన్నాయని చరిత్రలోకి దిగాడు. 1877 నుంచి 1950 దాకా 4,400 మందికి పైగా నల్లవాళ్లను మూకలు చంపినట్టు ఆయన బృందం రుజువులతో సహా తేల్చింది.

మట్టి తవ్వేది మాత్రం సంస్థ ఉద్యోగులు కాదు. ఆ ఊరివాళ్లు, ఆ కుటుంబాలవాళ్లు, చర్చివాళ్లు, స్కూలు పిల్లలు. ఖాళీ జాడీ, చిన్న తాపీ, చనిపోయిన మనిషి వివరాలున్న కాగితం ఇచ్చి పంపిస్తారు. స్టీవెన్సన్ చాలాచోట్ల చెప్పే ఒక సంఘటన ఉంది. ఒక నడివయసు నల్లావిడ ఒంటరిగా రోడ్డు పక్కన మట్టి తవ్వుతోంది. ట్రక్కులో వెళ్తున్న ఒక తెల్లాయన ఆమెను చూసి, బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. ఆమెకు భయమేసింది. తోటకు మట్టి అని చెప్పి తప్పించుకుందామనుకుంది. ఎందుకో మరి, ఉన్నమాట చెప్పేసింది. ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని చదివాడు. నేనూ సాయం చేయనా అన్నాడు. ఆమె తాపీ ఇవ్వబోతే వద్దని మోకాళ్ల మీద కూర్చుని ఉత్త చేతులతో తవ్వాడు. కాసేపటికి ఆయన భుజాలు వణుకుతున్నాయి. ఆ మూకలో మా తాతముత్తాతలు ఉన్నారేమోనని భయంగా ఉందన్నాడు. జాడీ నిండాక ఆమె వెంటే మాంట్‌గోమరీ దాకా వెళ్లాడు. ప్రతి జాడీ వెనకా ఇలాంటి కథ ఉండదని స్టీవెన్సనే ఒప్పుకుంటాడు. ఉంటే నమ్మడం కూడా కష్టమే.

ఇక ఊళ్లో ఫలకం పెట్టాలంటే పద్ధతి ఒకటుంది. ముందు ఆ ఊరివాళ్లే ఒక కూటమిగా ఏర్పడాలి. లైబ్రరీల్లో, కోర్టు రికార్డుల్లో, పాత పేపర్లలో వెతకాలి. మట్టి సేకరించాలి. ఆ తర్వాత ఫలకం. దానికి ఒకవైపు ఆ ఊళ్లో జరిగిన ఘటన, రెండోవైపు దేశమంతటా సాగిన లించింగ్‌ల చరిత్ర రాస్తారు. ఆ కౌంటీలోని హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. పేపర్లు వెతికే దశలోనే చాలామందికి కళ్లు తిరుగుతాయి. ఎందుకంటే కొన్ని పత్రికలు లించింగ్ జరగబోయే వేళా, చోటూ ముందే అచ్చువేశాయి! జరిగాక తీసిన ఫొటోలను పోస్టుకార్డులుగా అమ్ముకునేవారు. వాటిని తపాలాలో పంపకూడదని 1908లో నిషేధం తెచ్చారంటే ఆ వ్యాపారం ఎంత సాగేదో ఊహించుకోండి.

‘మిస్టర్’ అననందుకు

మాంట్‌గోమరీలోనే ఒక గుట్ట మీద ఆరెకరాల స్థలంలో ఇంకో స్మారకం ఉంది. 2018 ఏప్రిల్ 26న తెరిచారు. ఆరడుగుల ఉక్కు దిమ్మెలు 800కు పైగా ఉంటాయి, లించింగ్ జరిగిన కౌంటీకి ఒకటి చొప్పున. వాటి మీద పేర్లు చెక్కారు. లోపలికి వెళ్లినప్పుడు దిమ్మెలు మన కళ్లకెదురుగా, మన ఎత్తులో నిలబడి ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల కిందికి దిగిపోతుంది, దిమ్మెలు ఉన్నచోటే ఉంటాయి. చివరికి అవన్నీ మన తల మీద వేలాడుతుంటాయి. అది దేన్ని గుర్తు చేస్తుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నడవలో, ఎవరిని ఎందుకు చంపారో చిన్న చిన్న వాక్యాల్లో రాసి పెట్టారు. 1940లో అలబామాలోని లువర్న్‌లో జెస్సీ థార్న్‌టన్‌ను చంపింది, తెల్ల పోలీసు పేరుకు ముందు ‘మిస్టర్’ అని చేర్చనందుకు. 1933లో బర్మింగ్‌హామ్‌లో ఎలిజబెత్ లారెన్స్‌ను చంపింది, తన మీద రాళ్లు విసిరిన తెల్ల పిల్లలను మందలించినందుకు. సౌత్ కరోలైనాలోని ఆబెవిల్‌లో ఆంథొనీ క్రాఫర్డ్ నాలుగు వందల ఎకరాలకు పైగా భూమి ఉన్న రైతు. 1916లో పత్తిగింజల ధర దగ్గర తెల్ల వ్యాపారితో మాటా మాటా పెరిగినందుకు ఊరిమధ్య చంపారు. ఆయన వంశంలో పుట్టిన డోరియా డీ జాన్సన్ చరిత్రకారిణి అయింది. లించింగ్‌లను ఆపే చట్టం చేయనందుకు అమెరికా సెనేట్ 2005లో క్షమాపణ చెప్పేదాకా వెంటపడినవాళ్లలో ఆమె ఒకరు.

స్మారకం బయట, అచ్చం అలాంటి దిమ్మెలే ఇంకో వరస పడుకోబెట్టి ఉంటాయి. ఏ కౌంటీ వాళ్లు వచ్చి తమ దిమ్మెను తీసుకెళ్లి తమ ఊళ్లో నిలబెడతారో చూద్దామన్నది తలపెట్టినవాళ్ల ఆలోచన. మొహమాటం లేకుండా అడగడం అంటే ఇదే.

ఈ మాంట్‌గోమరీ సామాన్యమైన ఊరు కాదు. బానిసత్వం ఉండాల్సిందేనని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు 1861లో మొదటి రాజధాని. ఆ పక్షాన్ని కీర్తించే ఫలకాలూ, స్మారకాలూ ఊళ్లో 59 ఉండేవని, బానిసల వ్యాపారం గురించి మాత్రం ఒక్కటీ ఉండేది కాదని స్టీవెన్సన్ చెబుతాడు. మనుషుల్ని వేలం వేసిన బజార్లు ఊరి నడిబొడ్డునే ఉన్నా! 2013 చివర్లో ఆయన బృందం మూడు ఫలకాలు పెట్టింది. మిగతావన్నీ ఆ తర్వాతివే.

ఉత్తరాది వాళ్లకూ తప్పలేదు

ఇదంతా దక్షిణాది పాపమే అనుకుంటే పొరపాటు. కెనడా సరిహద్దుకు దగ్గర్లో, మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే రేవుపట్నం ఉంది. 1920 జూన్ 15 రాత్రి, ఊరికి వచ్చిన సర్కస్‌లో పనిచేసే ముగ్గురు నల్ల కుర్రాళ్లను, ఎలియాస్ క్లేటన్, ఎల్మర్ జాక్సన్, ఐజాక్ మెక్‌గీలను, వేలమంది మూక జైలు బద్దలుకొట్టి బయటికి లాగి, వీధి దీపపు స్తంభానికి ఉరేసింది. అత్యాచారం చేశారన్న అబద్ధపు మాట తప్ప ఆధారం లేదు. వాళ్ల సమాధుల మీద పేర్లు పడ్డది 1991లో. 2003 అక్టోబరులో, ఉరేసిన ఆ వీధి మూలకు ఎదురుగానే, ముగ్గురికీ నిలువెత్తు కంచు విగ్రహాలతో స్మారకం కట్టారు. దానికి నడుం కట్టిందీ ఊరివాళ్లే.

ఆవిష్కరణనాడు వారెన్ రీడ్ అనే ఆయన మాట్లాడాడు. తన ముత్తాత ఆ మూకను ఉసిగొల్పినవాళ్లలో ఒకడని, తమ వంశవృక్షం వెతుక్కుంటుంటే ఆయనకు బయటపడింది. ఇంట్లోవాళ్లెవరూ ఎప్పుడూ చెప్పలేదు. దాచిపెట్టుకుని ఊరుకోవచ్చు, ఎవరడుగుతారు? ఆయన మాత్రం అందరి ముందూ నిలబడి, చనిపోయిన ముగ్గురికీ క్షమాపణ చెప్పాడు. తర్వాత దాని మీద పుస్తకమూ రాశాడు.

ఈ కథకు తోక ఒకటుంది. అదే కేసులో మాక్స్ మేసన్ అనే ఇంకో నల్ల కుర్రాణ్ని జైల్లో పెట్టారు. చనిపోయిన మనిషికి మిన్నెసోటా మొట్టమొదటిసారి క్షమాభిక్ష ఇచ్చింది అతనికే, 2020 జూన్‌లో, నూరేళ్లు నిండుతుండగా.

చచ్చినవాడి మీద కేసు

చనిపోయినవాళ్ల మీద కేసుల మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో 1898 జులై 12న జాన్ హెన్రీ జేమ్స్ అనే ఐస్‌క్రీమ్ అమ్ముకునే అతన్ని రైల్లోంచి దింపి చంపారు. అతను చనిపోయాడని తెలిశాక కూడా గ్రాండ్ జ్యూరీ అతని మీదే నేరారోపణ ఖాయం చేసింది! చంపినవాళ్ల మీద మాత్రం ఏదీ లేదు. 2018 జులైలో ఆ ఊరివాళ్లు దాదాపు వందమంది ఆ చోటి మట్టి తీసుకుని బస్సుల్లో మాంట్‌గోమరీకి యాత్ర చేశారు. 2023 జులై 12న, సరిగ్గా 125 ఏళ్లకు, కోర్టు ఆ కేసు కొట్టేసింది.

జార్జియాలోని లగ్రాంజ్‌లో కథ ఇంకోలా మొదలైంది. పోలీస్ స్టేషన్లో గోడకున్న పాత ఫొటోల ముందు ఇద్దరు నల్లజాతి ముసలమ్మలు నిలబడ్డారు. 1940ల నాటి పోలీసుల ఫొటోలవి. వీళ్లే మనవాళ్లను చంపింది అని ఒకావిడ ఇంకొకావిడతో అంది. అది విన్న ఒక ఆఫీసరు వెళ్లి పెద్దాయన చెవిన వేశాడు. పోలీస్ చీఫ్ లూయీ డెక్మార్ ఆరా తీస్తే, 1940లో ఆస్టిన్ కాల్వే అనే కుర్రాణ్ని వాళ్ల జైల్లోంచే మూక ఎత్తుకెళ్లి కాల్చి చంపిందని తేలింది. పోలీసులు దర్యాప్తన్న మాటే ఎత్తలేదు. 2017 జనవరిలో ఆ తెల్ల పోలీస్ చీఫ్ నల్లవాళ్ల చర్చిలో నిలబడి తమ శాఖ తరఫున క్షమాపణ చెప్పాడు. ముసలమ్మలు గొణుక్కోకపోతే అదీ లేదు.

చింపేసిన పేజీ

ఓక్లహోమాలోని టల్సా పట్నంలో గ్రీన్‌వుడ్ అనే పేట ఉండేది. నల్లవాళ్ల హోటళ్లూ, సినిమా హాళ్లూ, డాక్టర్లూ, లాయర్లూ ఉన్న పేట. నల్లవాళ్ల వాల్ స్ట్రీట్ అనేవారు. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లమూక దాన్ని తగలబెట్టింది. 35 బ్లాకులు, వెయ్యికి పైగా ఇళ్లు బూడిదయ్యాయి. చనిపోయినవాళ్లు వందకూ మూడువందలకూ మధ్య అని అంచనా.

నిజంగా ఆశ్చర్యం కలిగించేది ఆ తర్వాతి మౌనం. మూకను రెచ్చగొట్టిన వార్త వేసిన పేపర్ తాలూకు ఆ పేజీ ముక్కలను, మైక్రోఫిల్మ్ తీసేలోపే దాచిన కాపీలోంచి చింపేశారు. స్కూళ్లలో చెప్పలేదు. 1971లో యాభై ఏళ్లకు ఎడ్ వీలర్ అనే తెల్లాయన వ్యాసం రాద్దామని ప్రాణాలతో మిగిలినవాళ్లతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒకరోజు కారు అద్దం మీద, ఇకనుంచి బానెట్ కింద చూసుకో అని ఎవరో రాసిపోయారు. రాయమని పురమాయించిన పత్రికవాళ్లే వేయనన్నారు. చివరికి డాన్ రాస్ నడిపే నల్లవాళ్ల పత్రిక ‘ఇంపాక్ట్’లో అచ్చయింది. ఆ డాన్ రాసే తర్వాత శాసనసభ్యుడై, 1997లో విచారణ సంఘం వేయించాడు. దాని నివేదిక 2001లో వచ్చింది.

ఇంకా అయిపోలేదు. ఓక్‌లాన్ శ్మశానంలో 2020 నుంచి తవ్వకాలు జరుగుతున్నాయి. ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి, బంధువులతో పోల్చి, 2024 జులైలో మొదటి పేరు చెప్పగలిగారు. సి.ఎల్. డేనియల్, మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసినవాడు. రుజువుగా పనికొచ్చింది ఏమిటో తెలుసా? 1936లో అతని తల్లి తరఫున మాజీ సైనికుల శాఖకు ఒక లాయరు రాసిన ఉత్తరం. కొడుకు టల్సా అల్లర్లలో చనిపోయాడని అందులో ఉంది. ఆ కాగితం సర్కారు దస్త్రాల్లో ఎనభై ఎనిమిదేళ్లు పడి ఉంది.

చట్టానికి 122 ఏళ్లు

లించింగ్‌ను దేశవ్యాప్త నేరంగా చేయాలని 1900లో జార్జి హెన్రీ వైట్ అనే నల్లజాతి ప్రతినిధి తొలి బిల్లు పెట్టాడు. అప్పట్లో పార్లమెంటులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతీయుడు ఆయన. తర్వాత దాదాపు 200 సార్లు ప్రయత్నించారు, ఏదీ గట్టెక్కలేదు. 2022 మార్చి 29న ఎమెట్ టిల్ పేరుతోనే చట్టమైంది. ముప్పై ఏళ్లదాకా జైలు. ఇంతకు మించి వ్యాఖ్యానం అనవసరం.

మనకు తగిలే ముచ్చట

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ చరిత్రతో సంబంధం లేదనుకునేవాళ్లు ఎక్కువ. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. భారతీయులకు తలుపులు నిజంగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఆ చట్టం ఏ గాలిలో వచ్చిందంటే, నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించుకున్న 1964, 1965 హక్కుల చట్టాల గాలిలో. డాలస్‌లో ఇల్లు కొన్న మన పిల్లల వీసా వెనక ఆ పోరాటాలు కూడా ఉన్నాయి.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాదు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే స్థానిక యువకుడూ గుండు దెబ్బ తిన్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు చందాలేసి అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన దుమాల దేశం విడిచి రాలేదు. అక్కడే ఉండి, వలస వచ్చినవాళ్ల కథలు ఇరుగుపొరుగుకు వినిపించేందుకు ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే సంస్థ పెట్టింది.

వెళ్లాలనుకుంటే

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు నయాగరా, గ్రాండ్ క్యాన్యన్ ఎలాగూ చూపిస్తారు. అట్లాంటాలో ఉంటే మాంట్‌గోమరీ కారులో రెండున్నర, మూడు గంటల దూరం. మ్యూజియం, గుట్ట మీది స్మారకం, 2024 మార్చిలో అలబామా నది ఒడ్డున తెరిచిన శిల్పాల తోట, మూడింటికీ కలిపి టికెట్ 5 డాలర్లే. తోటలో ఒక పెద్ద గోడ ఉంది. 1870 జనాభా లెక్కల్లో, బానిసత్వం పోయాక మొదటిసారి నల్లవాళ్లు తమ పేర్లు నమోదు చేయించుకున్నప్పుడు రాయించుకున్న ఇంటిపేర్లు లక్షా ఇరవై రెండు వేలు దాని మీద చెక్కారు. దాని దగ్గర జనం వేలితో తడుముతూ తమ ఇంటిపేరు వెతుక్కుంటుంటారు. మ్యూజియంలో ఫొటోలు తీయనివ్వరు. మూడూ చూడాలంటే ఒక పూట చాలదు, పొద్దున్నే బయల్దేరండి. వారంలో కొన్ని రోజులు సెలవు ఉండొచ్చు, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.